బిళ్ల చేపల మేత

మా ఊళ్లో కోళ్లు పెంచినవాళ్లున్నారు, మేకలు పెంచినవాళ్లున్నారు, ఒకాయన పావురాలను కూడా పెంచాడు. దోమలను పెంచినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. అదీ ఊరికే కాదు. కుండలు వరసగా పేర్చి, ఎండ తగలకుండా గడ్డి కప్పి, పొద్దున్నే మూత తీసి చూసుకుంటూ పెంచాను. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వుకోండి. తర్వాత కుదరదు.

మాది ఇబ్రహీంపట్నంలో చేపలు పట్టే ఇల్లు. నా చదువు ఉర్దూ బడిలో ఎన్నాళ్లో సాగలేదు. ఒకరోజు పంతులుగారి నడకను తోటివాళ్లకు నడిచి చూపిస్తున్నాను. అందరూ నవ్వడం ఆపేశారు. తిరిగి చూస్తే వెనక ఆయనే ఉన్నాడు. సాయంత్రం బాపు, మా నాయన, నా చేతికి వల ఇచ్చి, "రేపటి సంది చేపలకు సూపియ్యి నీ ఏషాలు. నవ్వి నవ్వి అవే వలల వడ్తయి" అన్నాడు. అలా పది పన్నెండేళ్లు ఆయన వెనక చెరువులో దిగాను. నాకు నోరు పనిచేసేది, ఆయనకు చేతులు పనిచేసేవి. ఇద్దరం కలిస్తే ఒక మనిషి అని అవ్వ, అంటే మా అమ్మ, అనేది.

జర్మనీ యుద్ధం నడుస్తున్న రోజుల్లో, చెరువు నిండుగా ఉన్న ఒక ఏడు, కట్ట మీద నిలబడి వల విసరబోయిన బాపు విసరకుండా అలాగే కూర్చుండిపోయాడు. వల ఆయన మీదే పడింది. ఆట పట్టిస్తున్నాడనుకుని, "ఏందే బాపూ, ఇయ్యాల పెద్ద చేపే వడ్డది" అన్నాను. ఆయన నోరు ఒక పక్కకు జారిపోయి ఉంది. కుడి చెయ్యి, కుడి కాలు ఆయనవి కానట్టు పడి ఉన్నాయి. పచ్చవాతం.

నాటు వైద్యుడు పావురం నెత్తురు పట్టించి నూనెలతో రుద్దాడు. నెలకు మాట కొంత తిరిగొచ్చింది. చెయ్యి రాలేదు. అంతకన్నా పెద్ద కష్టం ఇంకొకటి మొదలైంది. బాపు తిండి మానేశాడు. ఆకలి లేక కాదు. అవ్వ ముద్ద కలిపి నోట్లో పెడుతుంటే, ఇంటికి పదిమంది తిండి తెచ్చిన మనిషికి అది తలవంపు అనిపించింది. ఎడమ చేత్తో తినమంటే, ఆ చెయ్యి తిండికి కాదని అనేవాడు. నాలుగు మెతుకులు లోపలికి పోతే రెండు బయటికి ఉమ్మేవాడు. గంజి పోస్తే గడ్డం మీదుగా కారేది.

"తినకుంటే సస్తవ్" అంది అవ్వ ఒకరోజు, కోపంగా.

"గందుకే తింటలేను" అన్నాడు బాపు.

నేను హాస్యాలన్నీ ఖర్చు చేశాను. పటేలు నడక నడిచాను, వైద్యుడి గొంతు పెట్టాను. బాపు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. చెరువు మీద బతికిన మనిషికి ఆ గోడ తప్ప చూడ్డానికి ఇంకేమీ లేదని నాకు అప్పుడు తట్టింది.

అంతకుముందు హైదరాబాదులో ఒక నవాబుగారి దేవిడీకి చేపలు తీసుకుపోయినప్పుడు వంటింటి వసారాలో నిలబడి ఒక వింత చూశాను. పెద్ద గాజు తొట్టిలో ఎర్ర చేపలు తిరుగుతున్నాయి. నౌకరు ఒకడు చిటికెడు చిటికెడుగా వాటికి మేత వేస్తున్నాడు. "మా దిక్కు చేపలు మనుషులను సాదుతయి భాయ్, ఈడ మనుషులు చేపలను సాదుతున్నరు" అంటే వాడికి నవ్వు రాలేదు. అది గుర్తొచ్చి, తుర్కయాంజాల్ మీదుగా హైదరాబాదు దాకా నడిచి జుమ్మేరాత్ బజారుకు పోయి, పాత సామాన్ల కుప్పల్లో వెతికాను. దేవిడీ తొట్టి లాంటిది ఎక్కడ దొరుకుతుంది? మందపాటి గాజుతో చేసిన నలుపలకల పాత్ర ఒకటి దొరికింది. కరెంటు బ్యాటరీలో మందు పోసి పెట్టేదట. బిందె కన్నా కొంచెం పెద్దది. ఒక మూల చిట్లి ఉంది, కారదు. బూడిదతో, ఇసుకతో మూడు రోజులు తోమాను. ఆ మందు వాసన పోయేదాకా అవ్వ దాన్ని గడప దాటనివ్వలేదు.

బాపు మంచం పక్కన, గోడకు ఆనించి, ఒక పీట మీద పెట్టి చెరువు నీళ్లు పోశాను. ముందు చిన్న కొర్రమట్టను వేశాను. అది ఆ సాయంత్రమే ఎగిరి కింద పడి, బాపు మంచం కిందికి పాక్కుంటూ పోయింది. "నీ కన్న దానికి తెలివుంది" అన్నాడు బాపు నాతో. నెల రోజుల్లో నాతో అన్న పెద్ద మాట అదే. సంతోషంతో నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాత బిళ్ల చేపలు తెచ్చాను. వలలో పడితే మేము గట్టున పారేసే చేపలవి. రూపాయి బిళ్లంత ఉంటాయి, గుండ్రంగా, పల్చగా. ఒళ్లంతా అద్దమే. వెన్నుముల్లు, పక్క ముళ్లు, కడుపు సంచీ అన్నీ బయటి నుంచే కనబడతాయి. కూరకు పనికిరావు, ఎండబెడితే ముల్లు తప్ప మిగలదు. ఏడింటిని వేశాను. గుంపుగా ఒక మూలకు చేరి, అన్నీ ఒకే వైపు ముఖాలు పెట్టి నిలబడ్డాయి.

బాపు చాలాసేపు చూశాడు. మేము చేపను పైనుంచి చూస్తాం, లేదా చచ్చాక పక్క నుంచి చూస్తాం. బతికున్న చేప ఎదురుగా నిలబడి మన ముఖంలోకి చూడ్డం ఆయన కూడా ఎప్పుడూ ఎరగడు.

"నలభై ఏండ్లు వట్టిన వీటిని" అన్నాడు మెల్లగా, మాట తడబడుతూ. "దీని నోరు గిట్ల తెరుసుకుంటదని నాకెరుక లేకుండె."

మేత దగ్గర చిక్కొచ్చింది. జొన్న గటక నలిపి వేశాను. చేపలు అటు చూడనైనా చూడలేదు. గటక అడుక్కు చేరి పులిసిపోయింది. రొట్టె తునకలు వేశాను. అన్నం వేశాను. గాలానికి గుచ్చే ఎర్రలను సన్నగా తరిగి వేశాను. నీళ్లు తెల్లబడి, మూడో రోజుకు రెండు చేపలు వెల్లకిలా తేలాయి. అవ్వ కూడా తన వంతుగా నాకు తెలియకుండా బెల్లం వేసింది. ఎందుకు వేశావంటే, "పిల్లలు తినకుంటే బెల్లమే గద పెడ్తం" అంది.

నీళ్లు మార్చి, కొత్తగా రెండింటిని తెచ్చి వేశాను. అవీ తినలేదు. బాపు మంచం మీది నుంచి చూస్తున్నాడు.

"అవి సచ్చినదాన్ని తినయిరా" అన్నాడు. "కదిలేదే తింటయి."

ఆయన చెప్పాకే చూశాను. పెరట్లో అవ్వ కాళ్లు కడుక్కునే కుండలో, నాలుగు రోజులుగా పారబోయని నీళ్లలో, సన్నటి నల్ల పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. వాటి ఆట చూసి నేను తైతక్కలు అని పేరు పెట్టాను. అవి ఏమిటో, పెద్దయ్యాక ఏమవుతాయో మాలో ఎవరికీ తెలియదు. పాత నీళ్లలో పురుగు పుడుతుందని తెలుసు, అంతే. గుడ్డతో వడగట్టి, కొబ్బరి చిప్పలో పోసి, గాజు తొట్టిలో ఒంపాను.

మూలన నిలబడిన ఏడు చేపలూ ఒక్కసారి కదిలాయి. ఒకటి తైతక్క ఎదురుగా వచ్చి ఆగింది, మెడ లేని ప్రాణి మెడ సాచినట్టు చేసి, టక్కున నోట్లోకి పీల్చుకుంది. ఆ పురుగు దాని గొంతు దాటి, కడుపు సంచీలోకి దిగి, అక్కడ ఇంకా మెలికలు తిరుగుతుండటం బయటికి కనబడింది.

బాపు నవ్వాడు. వంకర నోటితో, లాలాజలం కారుతూ నవ్వాడు. నోరు తెరుచుకుని ఉండగానే అవ్వ ఒక ముద్ద తోసింది. ఆయన చూపు చేప మీద ఉంది. నమిలి మింగాడు. అవ్వ రెండో ముద్ద తోసింది.

అది ఇంట్లో కట్టుబాటయింది. చేపలు తిన్నాకే బాపు తింటాడు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. ఎడమ చేత్తో కొబ్బరి చిప్ప పట్టుకుని, మేత ఒంపే పని ఆయనే తీసుకున్నాడు. ఒకేసారి పోయకూడదని, నాలుగైదు పురుగులు పడేటట్టు ఒంపి, అవి తిన్నాకే మళ్లీ ఒంపాలని కనిపెట్టాడు. గుంపులో ఒకటి పెద్దది, మిగతావాటిని పొడిచి తరిమేది. దాన్ని ఒక మూలకు మేత వేసి మరిపించి, ఇంకో మూలన చిన్నవాటికి వేసేవాడు. చేప నోరు తెరిచి మేత అందుకున్నప్పుడల్లా ఆయన ఎడమ మణికట్టు చిన్నగా పైకి ఎగిరేది.

"బాపూ, గాలం లేదే" అనేవాణ్ణి.

"చేతికి ఎరుక లేదురా. నువ్ జెప్పు దానికి" అనేవాడు.

చేపలకు రోజుకు రెండు చిప్పల తైతక్కలు కావాలి. అవ్వ కుండ చాలలేదు. కుమ్మరాయన ఇంటి వెనక పారేసిన పెదవి విరిగిన కుండలు ఏడు తెచ్చాను, వారానికి ఏడు రోజులని. ఒక్కొక్క దాంట్లో నీళ్లు, గుప్పెడు గడ్డి, కొంచెం పేడ. ఒక కుండ ముదిరేసరికి ఇంకో కుండ మొదలయ్యేటట్టు వరస పెట్టాను. బడిలో చెప్పిన లెక్కలు తలకెక్కలేదు గానీ ఈ లెక్క ఒక్కరోజు తప్పలేదు.

పక్కింటి పెద్దమ్మ గోడ మీది నుంచి తొంగి చూసేది.

"కుండల్ల నీళ్లు మురగవెట్టి ఏం గాస్తున్నవ్‌ర? సారానా? ఆబ్కారోళ్లకు జెప్పాల్నా?"

"అవ్ పెద్దమ్మా. మొదటి గిలాస నీకే."

"నీ మొకం. వాసన జూస్తె నీ మాటలే ముద్దొస్తున్నయి."

ఆ ఏడు దోమలు మస్తుగా ఉన్నాయని అందరూ అన్నారు. చెరువు నిండితే దోమలు రావా అని నేనూ అన్నాను. సాయంత్రమైతే వేపాకు పొగ వేసేవాళ్లం. ఆ పొగ గాజు తొట్టి మీదికి పోకుండా బాపు ఎడమ చేత్తో విసురుతూ కూర్చునేవాడు.

చలికాలం వచ్చేసరికి బాపు దవడలు నిండాయి. గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఒకరోజు మేత వేస్తూ, ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి తొట్టి అంచు మీద పెట్టుకున్నాడు. బట్టల మూట పెట్టినట్టు పెట్టుకున్నాడు. చేపలు పైకి వచ్చి మేత అందుకుంటుంటే, ఆ మూటలో చూపుడువేలు ఎగిరింది. నేను చూశాను. అవ్వ చూసింది. ఇద్దరం మళ్లీ చేపల వైపే చూశాం, మాట్లాడితే పోతుందేమోనని. నెల తిరిగేసరికి ఆ వేళ్లు కొబ్బరి చిప్పను పట్టుకున్నాయి. ఎత్తలేవు, పట్టుకుంటాయి. ఎండాకాలానికి వల పట్టిస్తానని నేను ఊరంతా చెప్పుకు తిరిగాను.

అప్పుడు చలి జ్వరం వచ్చింది. మధ్యాహ్నం పూట వణుకు మొదలయ్యేది. ఉన్న గొంగళ్లన్నీ కప్పి, మీద నేను పడుకున్నా ఆ వణుకు ఆగేది కాదు. తర్వాత ఒళ్లు కాలిపోయేది, తర్వాత చెమట. ఒకరోజు తెరిపి ఇచ్చి మళ్లీ వచ్చేది. వాడలో ఇంకో ఇద్దరు ముగ్గురికి కూడా వచ్చింది గానీ వాళ్లు వయసులో ఉన్నవాళ్లు, లేచి తిరిగారు.

దవాఖాన కంపౌండరును బతిమాలి ఇంటికి తీసుకొచ్చాను. ఆయన బాపు కళ్లు చూశాడు, కడుపు నొక్కి చూశాడు. చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోయినవాడు అక్కడే నిలబడిపోయాడు.

"యే క్యా హై? ఇవేంది?"

"మా పంట సాబ్" అన్నాను. "వారం తిరక్కుండ కోతకొస్తది."

ఆయన నవ్వలేదు. ఒక కుండలో పుల్ల పెట్టి కలిపాడు. "ఎందుకు పెంచుతున్నవ్?"

చెప్పాను. ఇంట్లోకి తీసుకుపోయి చేపలను చూపించాను. బయటికి వచ్చాక గొంతు తగ్గించి అన్నాడు. "ఈ పురుగే రెక్కలొచ్చి దోమయితది. దోమ కుడ్తెనే ఈ జరమొస్తది. ఏడు చేపలు ఏడు కుండలు తింటయా? తినంగ మిగిలినయి యాడికి పోతున్నయనుకున్నవ్?"

"దోమ కుట్టని రోజుందా సాబ్ మాకు? చెరువు కట్ట మీద పుట్టినోళ్లం."

"కట్ట మీద కుడ్తే కుట్టనియ్. నువ్ పిలిచి పక్కల పండవెట్టినవ్. మీ బాపుకు ఒంట్ల బలం లేదు. ఇయ్యాల్నే అన్ని పారబొయ్యి." క్వినైన్ గోళీలు కొన్ని ఇచ్చాడు. యుద్ధం వల్ల మందు రావడం లేదని, ఇవయ్యాక మళ్లీ దొరికేది నమ్మకం లేదని చెప్పాడు.

ఆయన వీధి మలుపు తిరగక ముందే ఏడు కుండలూ పగలగొట్టాను. పెద్దమ్మ గోడ మీది నుంచి చూసి ఏదో అనబోయి, నా ముఖం చూసి లోపలికి పోయింది.

మర్నాడు జ్వరం లేని రోజు. బాపు లేచి కూర్చుని చెయ్యి చాపాడు, చిప్ప కోసం.

"ఇయ్యాల పురుగు లేదు బాపూ."

"ఏడ వాయె?"

కంపౌండరు చెప్పింది చెప్పాను. దోమ, కుట్టడం, అంతా. ఆయన విన్నాడు. "దోమ కుట్టి సచ్చేటోన్నైతే పుట్టిన నాడే సచ్చిపోదును" అన్నాడు. చేపల వైపు చూశాడు. అవి మేత వేళకు అలవాటుగా పైకి వచ్చి, నీటి అంచున నోళ్లు తెరుస్తున్నాయి. అవ్వ ముద్ద పట్టుకొస్తే, "అవి తిననియ్" అని గోడ వైపు తిరిగాడు.

ఆ పూట తినలేదు. రెండో పూట తినలేదు. మూడో రోజు వణుకు వచ్చి పోయాక నీళ్లు కూడా ఉమ్మేశాడు. అవ్వ పెరట్లోకి వచ్చి కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. "జరమొస్తే రోజు తప్పిచ్చి వస్తది బిడ్డా. తినకుంటే రోజు సస్తడు. నువ్వే జెప్పు, నేనేం జెయ్యాలె?"

నేను పోయి కుమ్మరాయన దగ్గర ఒక కుండ తెచ్చాను. మేకల కొట్టం వెనక పెట్టాను. అది నిండేదాకా మంచాల ఊరి దారిలో ఎండిపోయే కుంటల్లో వెతికి, ముంతలో తైతక్కలు తెచ్చాను. ఒక్క కుండే కదా అనుకున్నాను. రోజూ పూర్తిగా వడగడితే రెక్కలు వచ్చేదాకా ఒక్కటీ మిగలదనుకున్నాను. రోజూ వడగట్టాననే అనుకుంటున్నాను. చెరువుకు పోయి ఆలస్యంగా వచ్చిన రోజులు కొన్ని ఉన్నాయి. వాటిని లెక్కపెట్టబోయి ఎన్నోసార్లు మధ్యలో ఆగిపోయాను.

చేపలు తిన్నాయి. బాపు తిన్నాడు. క్వినైన్ ఉన్నన్నాళ్లు జ్వరం ఆగింది, అయిపోగానే తిరిగొచ్చింది.

ఆఖరి మధ్యాహ్నం వణుకు మేత వేళకే వచ్చింది. చిప్ప కుడి చేతిలో పెట్టమన్నాడు. వద్దన్నా వినలేదు. వేళ్లు పట్టుకున్నాయి గానీ ఒళ్లంతా ఊగిపోతుంటే చిప్ప తొట్టి దాకా పోలేదు. నీళ్లు, తైతక్కలు అన్నీ గొంగడి మీద పడ్డాయి. నల్ల గొంగడి మీద నల్ల పురుగులు, కదిలితేనే కనబడుతున్నాయి.

"ఏరుర్రి" అన్నాడు, పళ్లు కొట్టుకుంటూ. "సస్తే తినయవి."

నేను ఒక పక్క, అవ్వ ఒక పక్క వంగి, తడి వేళ్లతో ఒక్కొక్క పురుగునూ ఏరి తొట్టిలో వేశాం. నేను ఎన్నో హాస్యాలాడినవాణ్ణి, ఇంటి పెద్ద చలితో ఊగిపోతుంటే ఆయన గొంగడి మీద దోమ పిల్లలను ఏరుకున్న ఇల్లు ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు. చేపలు ఏరి వేసినవి తిన్నాయి. అవ్వ గటక తెచ్చింది. రెండు ముద్దలు తిన్నాడు. మూడోది నోట్లోనే ఉండిపోయింది.

బాపు పోయిన మూడో రోజు, ఆయనకు ఇష్టమైనవన్నీ వండి పిట్టకు పెట్టాం. చేపల కూర, కల్లు, జొన్న రొట్టె. కాకి వెంటనే వచ్చి తినేసింది. "గింత జల్ది ఎన్నడన్న తిన్నడా" అంది అవ్వ. ఆ సాయంత్రం గాజు తొట్టిని చెరువుకు మోసుకుపోయి చేపలను ఒంపేశాను. వెంటనే నీళ్లలో కనబడకుండా పోయాయి. అద్దం చేపలు కదా.

కొన్నేళ్లకు దోమల మందు కొట్టేవాళ్లు ఊరికి వచ్చారు. వాళ్లలో ఒకాయన మా అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగుతూ చెప్పాడు. అన్ని దోమలూ చలి జ్వరం తేవట. పురుగుగా ఉన్నప్పుడే గుర్తు పట్టొచ్చట. నీటి మీద పుల్లలాగా బోర్లా పడుకుని ఉండేవి జ్వరం దోమ పిల్లలు. తోక పైకి, తల కిందికి వేలాడేవి కుడతాయి గానీ ఆ జ్వరం తేవు.

ఆయన పోయాక అక్కడే కూర్చుండిపోయాను. నెలల తరబడి పొద్దున్నే మూత తీసి చూసినవాణ్ణి. చేప గొంతులోంచి కడుపులోకి దిగేదాకా చూసినవాణ్ణి. అవి పడుకుని ఉండేవా, వేలాడేవా? ఎంత తలచుకున్నా ఒకసారి ఇటు కనబడుతుంది, ఒకసారి అటు. లోపలికి పోయి అవ్వను అడిగాను. ఆమెకు అప్పటికే చూపు మందగించింది. నేను కుండల సంగతి చెప్పి, పడుకున్నాయా, వేలాడాయా అని రెండుసార్లు అడిగితే, చాటలో బియ్యం చెరుగుతున్న చెయ్యి ఆపింది.

"నాకేం ఎరుక బిడ్డా. నేను పురుగుల దిక్కు జూస్తినా? మీ బాపు నోరు దిక్కు జూస్తుంటి, తెరుస్తడా లేదా అని."